మేనమామనంటూ వచ్చిన మనిషి

బస్టాండు పక్క చాయ్ హోటల్లో కన్సల్టెంట్ సిరీష ఎవరో కొత్త మనిషికి ఎదురుగా కూర్చుని, ఫోన్‌లో హాస్టలు పిల్ల స్వాతి ఫొటో చూపిస్తోందన్న కబురు ఫహీమ్ మోసుకొచ్చిన దగ్గర పోయిన భాగంలో ఆగాం.

ఫహీమ్, 'గూడు' పిల్లల హాస్టలు నడిపే తస్లీమ్‌కు సొంత తమ్ముడు. 'గూడు'లో ఉండే ఆడపిల్లలను తన ఆటోలో బడికి దింపేదీ, సాయంత్రం తెచ్చేదీ అతనే. ఒకటికి రెండుసార్లు చూసుకుంటే తప్ప నోరు తెరవని మనిషి. అందుకే తస్లీమ్ ఆ కబురును కొట్టిపారెయ్యలేకపోయింది.

బాన్సువాడలో రైస్ మిల్లు వెనక కిరాయి ఇంట్లో ఆమె ఆ గూడును నడపబట్టి పదేళ్ళు దాటింది. చెరుకు నరకడానికి, ఇటుక బట్టీలకు వలస పోయేవాళ్ళ పిల్లలు కొందరు, నా అన్నవాళ్ళు లేని పిల్లలు కొందరు అక్కడ పెరుగుతున్నారు. హైదరాబాదులోని ఒక ట్రస్టు వాళ్ళ తిండికీ చదువుకూ సాయం చేస్తోంది. ఆ ట్రస్టు ఈ ఏడు కొత్త పద్ధతి పెట్టింది. చిన్న చిన్న సంస్థలను బలపరచడానికి కన్సల్టెంట్లను నియమించామనీ, వాళ్ళు కొన్నాళ్ళు పక్కనే ఉండి పని చక్కదిద్దుతారనీ చెప్పింది. అట్లా వచ్చిందే సిరీష.

వచ్చిన నాటి నుంచీ ఆమె ధోరణి తస్లీమ్‌కు అంతుబట్టలేదు. వంటగది మీద ఆమె ధ్యాస లేదు. పిల్లల మార్కులు అడగలేదు. ప్రతి పిల్ల గురించీ ఒక్కటే అడిగేది: "ఈ పాపకు ఎవరున్నారు?" ఎవరూ లేరంటే నమ్మేది కాదు. "ఎవరో ఒకరు ఉంటారు ఆపా, మనమే వెతకలేదు" అనేది.

కోటగిరి దిక్కు ఇలాంటి హాస్టలే ఒకటి కన్సల్టెంట్లు వచ్చిపోయాక పిల్లలందరినీ ఇళ్ళకు పంపి తాళం వేసుకుందని తస్లీమ్ విని ఉంది. బలపరచడమంటే ఇదేనా అని ఆమెకు లోలోపల గుబులు. అందులోనూ ఇప్పుడు కన్ను పడింది స్వాతి మీద.

ఏడో తరగతి చదువుతున్న స్వాతి, మాటలు కూడా సరిగ్గా రాని వయసులో జమ్లి చంకనెక్కి ఈ ఇంటికొచ్చింది. జమ్లి మహమ్మద్ నగర్ దగ్గరి తండా మనిషి. "నా బిడ్డ బిడ్డ. తల్లి సచ్చిపొయ్యింది, తండ్రి అంతకుముంగటనే పొయ్యిండు. ఎవలొచ్చి అడిగినా ఇయ్యకు బిడ్డా" అని చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆ మాట మీదనే తస్లీమ్ పిల్లను అక్కున చేర్చుకుంది. బాలల సంక్షేమ సమితి ముందు కూడా ఆ మాటే చెప్పింది. అమ్మమ్మ కళ్ళెదురుగా ఉండగా ఇంకేం కావాలనుకుంది.

అందుకే తెల్లారీ తెల్లారకముందే జమ్లికి ఫోన్ చేసింది.

ఆదివారం. పిల్లలు పెరట్లో తలలు దువ్వుకుంటున్నారు. జమ్లి షేర్ ఆటో దిగి, రొప్పుతూ గేటు తీసుకుని లోపలికి వచ్చింది.

"ఎవడు అడిగిండు బిడ్డా? ఎట్లుండె మనిషి?" అంది, కూర్చోకుండానే.

"నేను జూడలే అవ్వా. ఫహీమ్ జూసిండు. తెల్ల అంగీ ఏసుకున్నడట, మీసాలున్నయట. గా మేడం ఆయనకు పొల్ల ఫొటో జూపిస్తుందట."

జమ్లి కొంగు నడుముకు బిగించింది. "ఇగ ఒక్క గడియ గూడ ఈడ ఉంచొద్దు. నేను తీస్కపోత" అంది.

"నేను గూడ గదే అనుకున్న. గీ సిరీష ఏం జేస్తుందో తెలిసేదాంక నీ దగ్గెర పెట్టుకో. ఎవలడిగినా జ్వరమొచ్చిందని జెప్త."

స్వాతి బట్టల సంచీ పట్టుకుని వచ్చింది. జమ్లి ఏడాదికి రెండుసార్లు వచ్చి, పల్లీలో రేగుపండ్లో చేతిలో పెట్టి, తల నిమిరి వెళ్ళిపోయే మనిషి. ఆమెతో కలిసి పోవడం స్వాతికి ఇదే మొదలు.

"ఆపా, నేనేమన్న తప్పు జేసిన్నా?" అని అడిగింది.

"లేదు బేటా. అవ్వకు నీ మీద ప్రాణం కొట్టుకుంటుంది. రెండు దినాలు ఉండిరా."

ఆటోలో దింపుతానని ఫహీమ్ అంటే జమ్లి వద్దంది. "మేం బస్సుకు పోతం. నీ ఆటో అందరికి ఎరుకే" అంటూ పిల్ల మణికట్టు పట్టుకుని, మిల్లు సందులోంచి గబగబా నడిచింది. స్వాతి వెనక్కి తిరిగి తిరిగి చూసింది. ముసలామెకు అంత వడి ఎక్కడిదని తస్లీమ్‌కు ఒక్క క్షణం అనిపించింది. కానీ అప్పుడు ఆమె అనుమానమంతా సిరీష మీదే ఉంది. జమ్లి మీదికి పోలేదు.

పొద్దెక్కాక సిరీష వచ్చింది.

ఒంటరిగా రాలేదు. ఆమె వెనక తెల్ల అంగీ మీసాల మనిషి. ఆ మనిషికి నాలుగడుగుల ఎడంలో, నెత్తి మీదికి కొంగు లాక్కుని, నేల చూపులు చూస్తూ ఒక ఆడమనిషి.

ముందు గదిలో అందరూ కూర్చున్నారు. ఆడమనిషి మాత్రం కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు, ఆ మనిషి కుర్చీ పక్కన కింద చతికిలబడింది. ఫహీమ్ గడప దగ్గర నిలబడి, ఇతనే అన్నట్టు అక్కకు కళ్ళతో సైగ చేశాడు.

"ఆపా, ఇతని పేరు తారాచంద్" అంది సిరీష. "మన స్వాతికి మేనమామ."

"స్వాతికి మేనమామ లేడు."

"లేడని మీకు ఎవరు చెప్పారు?"

అప్పటిదాకా ఆమెను 'మీరు' అని గౌరవిస్తూ వచ్చిన తస్లీమ్ ఒక్కసారిగా 'నువ్వు'లోకి దిగింది. "నాకు ఎవలు జెప్పిర్రో తర్వాత జెప్త. నిన్న హోటల్ల ఈయనకు మా పొల్ల ఫొటో జూపిచ్చినవా, లేదా?"

"చూపించాను."

"నన్ను అడగకుండనా? నా ఇంట్ల అన్నం తినుకుంట, నా పిల్లలను అంగట్ల పెడ్తవా?"

సిరీష తల దించుకోలేదు. "మీకు చెప్పే చెయ్యాల్సింది. చెప్పకపోవడం నా తప్పే. కానీ చెబితే మీరు ఆ పాపను ఎక్కడైనా దాచేస్తారేమోనని భయపడ్డాను."

ఆ భయం ఎంత నిజమో తస్లీమ్‌కే తెలుసు. గడప దగ్గర ఫహీమ్ కాళ్ళు మార్చుకుని నిలబడ్డాడు.

సిరీష నెమ్మదిగా చెప్పుకొచ్చింది. తప్పిపోయిన పిల్లల ఫొటోలు చూస్తుంటే మహారాష్ట్ర పోలీసులు పెట్టిన ఒక పాత ఫొటో కనబడిందట. రెండేళ్ళ పాప, ఎడమ కనుబొమ్మ మీద అడ్డంగా తెగిన గీత. స్వాతికీ అదే గీత. ఫిర్యాదు ఇచ్చింది ఈ తారాచందే. దెగ్లూర్ దిక్కున వాళ్ళ తండాకు తనే వెళ్ళి ఇరుగు పొరుగును అడిగిందట, ఊరి పెద్దను కలిసిందట. పక్షం రోజులు తిరిగి రూఢి చేసుకున్నాకే ఇక్కడికి రమ్మందట.

"ఇతను మేనమామే ఆపా. అందులో అనుమానం లేదు. ఇంకో సంగతి..." అని కింద కూర్చున్న ఆడమనిషి వైపు చూసింది. "ఈమె సంగీత. స్వాతి తల్లి."

"అబద్ధం" అంది తస్లీమ్. "స్వాతి తల్లి సచ్చిపొయ్యింది."

ఆ మాటకు సంగీత తలెత్తింది. కొంగు కొంచెం జారింది.

తస్లీమ్ లేచి నిలబడింది. ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది. స్వాతి ముఖాన్ని ఏళ్ళ తరబడి ఎండలో నిలబెడితే ఎట్లా ఉంటుందో, అట్లా ఉంది ఆ ముఖం. ఎవరైనా గద్దిస్తే కింది పెదవిని పళ్ళ కింద నొక్కిపట్టే అలవాటు స్వాతిది. సంగీత కూడా ఇప్పుడు అట్లాగే నొక్కిపట్టి ఉంది.

"నువ్వు... బతికే ఉన్నవా?" అంది తస్లీమ్.

సంగీత జవాబు చెప్పే లోపల తారాచంద్ అందుకున్నాడు. "బతకక ఏమైతది తాయీ? పాపం, బిడ్డ కోసం ఏడ్శి ఏడ్శి సగమైంది. నేను చెరుకు నరికే జట్లు కట్టే మేస్త్రిని. మా చెల్లె గూడ నా జట్టులనే పని జేస్తుండె. దాని మొగడు పాము కరిచి సచ్చిపొయ్యిండు. పొల్ల అప్పుడు పాలు తాగుతుండె. జట్టుకు వంట జెయ్యనీకె ఓ ముసల్ది వచ్చింది. గామెనే పొల్లను ఎత్కపొయ్యింది."

"ఎవలామె?"

"జమ్లి అంటరు."

తస్లీమ్ చెయ్యి బల్ల అంచు వెతుక్కుంది. జమ్లి పేరు ఆమె ఈ గదిలో ఎవరి ముందూ ఎత్తలేదు. సిరీషకు సైతం ఎప్పుడూ చెప్పలేదు. ఎవరున్నారని సిరీష అడిగినప్పుడల్లా, జమ్లి చేయించుకున్న ఒట్టు గుర్తొచ్చి, ఎవరూ లేరనే చెప్పింది.

"జమ్లి ఎవరు ఆపా? మీకు తెలుసా?" అంది సిరీష. తస్లీమ్ ముఖం చూసి ఆమె గొంతు మారింది.

"పొల్ల అమ్మమ్మ" అంది తస్లీమ్. అని, ఆ మాట తన చెవులకే వింతగా తోచి, సంగీతను చూసింది. "జమ్లి మీ అవ్వ కాదా?"

"మా అవ్వ నా పెండ్లికి ముంగటనే సచ్చింది తాయీ" అన్నాడు తారాచంద్. "జమ్లి మాకు సుట్టం గాదు, పక్కం గాదు. దొంగ ముండ."

వాళ్ళన్న మాటలకు సంగీత ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. చేతులు రెండూ ఒళ్ళో గట్టిగా ముడివేసుకుని కూర్చుంది.

ఇన్నేళ్ళూ తస్లీమ్ ఆ ముసలామె కన్నీళ్ళను నమ్మింది. ఆమె ఊరికి ఒక్కసారైనా వెళ్ళి, ఈమె బిడ్డ ఎక్కడ చచ్చిపోయింది, ఎట్లా చచ్చిపోయిందని ఎవరినైనా అడిగిందా? లేదు. కన్నతల్లి బతికి ఉండగా, ఆమె బిడ్డను తల్లి లేని పిల్ల అని చెప్పి పెంచింది. మీ అమ్మ పైనుంచి చూస్తుంది బేటా అని, స్వాతి ఏడ్చినప్పుడల్లా తానే ఊరడించింది.

"పిల్లను పిలవండి ఆపా" అంది సిరీష. "వెంటనే పంపాలని కాదు. సమితి ముందుకు వెళ్ళాలి, పాపతో మాట్లాడాలి, టైం పడుతుంది. కానీ తల్లి ఇంత దూరం వచ్చింది. ఒకసారి చూడనివ్వండి."

"లేదు."

"అట్లా అనకండి. చూడనివ్వడానికి కూడా..."

"ఇయ్యనని కాదు సిరీషా. స్వాతి ఇంట్ల లేదు. పొద్దుగాలనే పంపిన."

"ఎక్కడికి? ఎవరితో?"

"జమ్లితోని" అంది తస్లీమ్.

సిరీష కుర్చీలో వెనక్కి ఒరిగిపోయింది. "సమితికి చెప్పకుండా పిల్లను బయటికి పంపారా? ఇది తెలిస్తే గూడుకు ఆ రోజే తాళం పడుతుంది. మిగతా పిల్లలంతా ఏమైపోతారు?"

"నీకు భయపడే పంపిన!" తస్లీమ్ అరిచింది. పెరట్లో పిల్లల మాటలు ఒక్కసారి ఆగిపోయాయి. ఆమె గొంతు తగ్గించింది. "నువ్వు పొల్లను ఎవనికో అప్పజెప్తున్నవనుకున్న. నువ్వు నాకు జెప్పలే, నేను నీకు జెప్పలే. ఇద్దరం గల్సి గా పొల్లను యాడికి పంపినమో సూడు."

ఫహీమ్ అప్పటికే ఆటో తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. "ఆపా, నేను బస్టాండుకు పోయి సూసొస్త. ఆడ లేకుంటే మహమ్మద్ నగర్ దాంక పోత" అంటూ బయటికి పరుగెత్తాడు. ఆటో మిల్లు సందు దాటిన చప్పుడు వినిపించింది.

సిరీష ఫోన్ తీసి ఎవరి నంబరో వెతకసాగింది. తస్లీమ్ మొహం చేతుల్లో దాచుకుంది. తారాచంద్ గొంతు సవరించుకున్నాడు.

"పొల్ల ఇప్పుడు ఎంత ఎత్తున్నది తాయీ?"

"ఏంది?"

"గదే, ఎదిగిందా అంటున్న. పెద్దమనిషి అయ్యిందా?"

తస్లీమ్ మొహం మీది నుంచి చేతులు తీసింది. తప్పిపోయిన మేనకోడలి కోసం ఇన్నేళ్ళు వెతికానన్న మనిషి అడిగిన మొదటి మాట అది. ఏం తింటుంది, ఏం చదువుతుంది, వాళ్ళమ్మ గురించి ఎప్పుడైనా అడుగుతుందా, ఇవేవీ కావు. అతని కాళ్ళ దగ్గర సంగీత వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

సిరీష కూడా విన్నది. ఫోన్ మీది నుంచి మెల్లగా తలెత్తింది. పక్షం రోజులు ఊరు ఊరు తిరిగి, ఇతను ఎవరో రూఢి చేసుకుంది. ఇతను ఎట్లాంటివాడో ఎవరినీ అడిగినట్టు లేదు. ఆ సంగతి ఇప్పుడే తట్టినట్టు ఆమె చూపు తారాచంద్ మీదే నిలిచిపోయింది.

"అది మీకెందుకు?" అంది సిరీష.

"మేనమామను. అడగద్దా? మా కులంల రివాజులుంటయి మేడం. మీకు తెల్వదు." నవ్వాడు. కానీ కుర్చీ అంచుకు జరిగి, వీధి వైపు ఒకసారి చూశాడు. "ముసల్దానికి ఫోన్ గొట్టుర్రి ముంగట. యాడుందో తెలిస్తే నేను పోయి తెస్త. మీకు తిప్పలెందుకు?"

"మాట్లాడేటప్పుడు అందరికీ వినబడాలి ఆపా" అంది సిరీష. "ఇకమీదట మన మధ్య దాపరికాలు వద్దు. స్పీకర్లో పెట్టండి."

తస్లీమ్ నంబరు నొక్కి, ఫోన్ బల్ల మీద పెట్టింది. ఎంతసేపు మోగినా ఎత్తలేదు. మళ్ళీ నొక్కింది. ఈసారి ఎత్తారు. వెనక ఎక్కడో ట్రాక్టరు పోతున్న మోత, గాలి చప్పుడు.

"అవ్వా! యాడున్నవు? స్వాతి ఏది?"

"నా పక్కనే ఉన్నది. మంచిగనే ఉన్నది." జమ్లి గొంతులో పొద్దున్నటి కంగారు లేదు. "నువ్వు మల్ల ఫోన్ జేస్తవని నాకు ఎరుకే బిడ్డా. సంగీత వచ్చిందా?"

తస్లీమ్ సిరీష వైపు చూసింది. "వచ్చింది" అంది. "నువ్వు ఎవలవు అవ్వా? అమ్మమ్మనని నాకెందుకు అబద్ధం జెప్పినవు? కన్నతల్లి దగ్గర నుంచి బిడ్డను ఎత్కొచ్చినవా?"

"ఎత్కొచ్చిన్నని ఎవలన్నరు? సంగీత అన్నదా? దాని నోటితోని అన్నదా?"

తస్లీమ్ సంగీత వైపు చూసింది. నిజమే, సంగీత ఇప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

"అయితే తారాచంద్ గూడ వచ్చిండన్నట్టు" అంది జమ్లి. "ఇను బిడ్డా. నేను అమ్మమ్మను గాను. గది అబద్ధమే, నీ కాళ్ళు మొక్కుత. కానీ నేను దొంగను గాను. చెరుకు తోట కాడ, గుడిసె ఎనక నిలవడి, పొల్లను నా సంకల పెట్టింది ఎవలో సంగీతను అడుగు. 'సచ్చిపోయిన్నని జెప్పు, ఎవలకు ఇయ్యకు, మా అన్నకు అసలే ఇయ్యకు' అని నా కాళ్ళు వట్టుకున్నది ఎవలో అడుగు. గాడు పొల్ల పాలు తాగుతున్న నాడే దాన్ని ఎవనికిస్తనని మాటిచ్చిండో, గది గూడ అడుగు. నేనైతే గాడు ఆడ ఉన్నంతసేపు యాడున్ననో జెప్ప."

ఫోన్ ఆగిపోయింది.

తారాచంద్ చెల్లెలి వైపు చూడకుండా, బల్ల మీది ఫోన్‌నే చూస్తున్నాడు.

సంగీత అతని కుర్చీ పక్క నుంచి లేచింది. బల్ల చుట్టూ నడిచి వచ్చి తస్లీమ్ వెనక నిలబడింది. ఆమె చెయ్యి తస్లీమ్ భుజం మీద పడింది.

"నేనే" అంది సంగీత. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. "నేనే ఇచ్చిన. నా చేతులతోని ఇచ్చిన."

తస్లీమ్ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. సిరీష లేచి, వాళ్ళిద్దరి పక్కకు వచ్చింది.

తారాచంద్ కూడా లేచాడు. అంగీ చేతులు పైకి మడుచుకుంటూ, తొందరేమీ లేనట్టు వీధి గుమ్మం దాకా నడిచాడు. సందులో ఒకసారి అటూ ఇటూ చూశాడు. ఫహీమ్ ఆటో జాడ లేదు. పెరట్లో పిల్లలెవరో నవ్వుకుంటున్నారు.

అతను తలుపు మూసి, లోపల గడియ పెట్టాడు.

"ఇగ మాట్లాడుదాం" అన్నాడు.